గ్యాస్ దొంగ కోసం అరకు దాకా

అరకు వెళ్లొచ్చినవాళ్లు మంచు గురించి చెబుతారు, సొరంగాల్లో దూరే రైలు గురించి చెబుతారు. నేను రెండు రోజులు ఆ కొండల్లో తిరిగి, అందులో ఎక్కువ భాగం ఒక కారు బానెట్ కింద తల పెట్టుకుని గడిపాను. అయినా సరే, ఆ కొండల్ని నాకంటే బాగా చూసినవాడు విజయనగరం మొత్తం మీద లేడు. కాదనేవాళ్లు ముందు ఇది చదివి, తర్వాత నాతో దెబ్బలాటకి రండి.

విజయనగరంలో పడ్డ మాట

నాది ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్టు. మా ఊళ్లో ఫ్రిజ్ ఉన్న ఇళ్లన్నీ నాకు తెలుసు. ఏ ఇంట్లో అది పాలు దాచుకోవడానికో, ఏ ఇంట్లో చుట్టాలకి చూపించడానికో కూడా తెలుసు. ఈమధ్య కార్లలోకి కూడా ఏసీలు వస్తున్నాయి కదా అని నిరుడు బోర్డు మీద ఎర్రరంగుతో ఇంకో వరస రాయించాను: కారు ఏసీ స్పెషలిస్టు. అప్పటికి నేను బాగుచేసిన కారు ఏసీలు సున్నా. ఆ సంగతి బోర్డు రాసినవాడికి కూడా చెప్పలేదు.

ఆ ఎర్ర వరస చూసి వచ్చిన మొదటి మనిషి అప్పలనాయుడుగారు. అరకులో కాఫీగింజలూ చింతపండూ కొని కిందకి దింపే వర్తకుడు. నిలువెత్తు మనిషి, గొంతు అంతకంటే ఎత్తు. దేవుడన్నా ముహూర్తమన్నా పడదు. కొడుకు పెళ్లి అమావాస్యనాడు పెట్టి పురోహితుడికి జ్వరం తెప్పించాడు. బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడని వెనకటి డ్రైవర్ని నడిరోడ్డు మీద దింపేసి, తనే కారు నడుపుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆయన తెల్లకారులో ఏసీకి ఒక వింత జబ్బు. కారు ఏసీలో గ్యాస్ అంటే పెట్రోలులాగా ఖర్చయిపోయేది కాదు. రాగి గొట్టాల్లో గుండ్రంగా తిరుగుతూ, లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారేసి మళ్లీ వస్తుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందన్నమాటే. నేను గ్యాస్ నింపితే కారు విజయనగరంలో పదిహేను రోజులు తిరిగినా చల్లగానే ఉండేది. ఒక్కసారి అరకు ఎక్కి దిగిందంటే వేడిగాలి కొట్టేది. గొట్టాలన్నిటికీ సబ్బునీళ్లు రాసి చూశాను. కారుతున్నచోట బుడగ లేవాలి. ఒక్కటీ లేవలేదు. రెండుసార్లు నింపాను, రెండుసార్లూ ఇదే వరస.

మూడోసారి నాయుడుగారు కారు నా కొట్టు ముందు ఆపించి కిందకి దిగలేదు. అద్దం దించి, వీధికంతటికీ వినిపించేలా అన్నాడు.

"ఓ మేస్త్రీ! సాయంత్రం నువ్వే ఎక్కించి, పొద్దున్న నువ్వే దింపేత్తన్నావా ఏటి? మళ్లీ మళ్లీ నీకాడికే రావాలని గొట్టానికి సూదితో పొడిసి పంపుతన్నావు. ఇది రిపేరు కొట్టు కాదు, దొంగ కొట్టు!"

ఎదురుగా టీ హోటల్లో అప్పుడు నలుగురున్నారు. హోటలాయన, పక్క కొట్టు టైలరు, ఆసుపత్రి కాంపౌండరు, రిటైరైన పోస్టుమాస్టరు. నలుగురూ గ్లాసులు కిందపెట్టి నన్ను చూశారు.

నేను కోతలు కోస్తానని ఊరంతటికీ తెలుసు. ఒక జమీందారుగారి ఫ్రిజ్ తెరిస్తే లోపల మొసలిపిల్ల ఉందని చెప్పింది నేనే. ఈ నలుగురూ ఆ మొసలికి ఏడాదికో మూర పొడుగు పెంచుతూ వచ్చారు కూడా. కానీ ఇరవయ్యేళ్లలో నన్ను దొంగ అన్నవాడు లేడు. ఆ మాట పడితే ఇంక ఏ ఇల్లాలూ నన్ను వంటింట్లోకి రానివ్వదు. వంటింట్లోకి రానివ్వకపోతే ఫ్రిజ్‌ల మేస్త్రీ బతుకేమిటి?

"నాయుడుగారూ, ఈసారి నన్ను కూడా ఎక్కించుకోండి" అన్నాను. "మీ గ్యాస్ ఎక్కడ దిగిపోతోందో అక్కడే దాని జుట్టు పట్టుకుంటాను. పట్టుకోలేకపోతే ఆ బోర్డు మీ చేత్తోనే పీకేయండి. ఈ నలుగురూ సాక్షులు."

"పీకేత్తాను. మొహమాటం నేదు" అన్నాడాయన.

ఘాటీ మొదట్లో

మే నెల. శృంగవరపుకోట దాటేసరికి రోడ్డు మీద తారు జీళ్లపాకంలా ఉంది. మేం మాత్రం లోపల చొక్కా గుండీలు పెట్టుకుని కూర్చున్నాం. పొద్దున్నే గ్యాస్ నిండుగా నింపి, నా సామానంతా డిక్కీలో పెట్టించాను: గ్యాస్ సిలిండరు, గేజీలు, పాత ఫ్రిజ్ కంప్రెసరుతో నేనే చేసుకున్న గాలి లాగే పంపు.

కారు నడిపేది సింహాచలం. నలభై ఏళ్ల మనిషి, మాటకి ముందు రెండుసార్లు మింగే రకం. ఘాటీ మొదలయ్యే చోట చిన్న అమ్మవారి గుడి, దాని పక్కన తాటాకు పాకలో ఇడ్లీల దుకాణం. బళ్లన్నీ అక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటాయి.

"ఇంజనుకి నీళ్లు సూత్తాను బాబూ" అని సింహాచలం బానెట్ ఎత్తాడు. నాయుడుగారు ఒక లారీ మనిషితో చింతపండు గురించి దెబ్బలాడుతున్నారు. నేను విస్తరాకులో ఇడ్లీలు పెట్టించుకున్నాను. మా ఊళ్లో ఇడ్లీ మీద చట్నీ వేస్తారు, ఇక్కడ చట్నీలో ఇడ్లీ వేస్తారు. కారానికి నా చెవుల్లోంచి పొగ వచ్చింది. ఆ పొగ చూసి బస్సు ప్రయాణికులు ఇద్దరు నవ్వారు. నవ్వేవాళ్లు దొరికితే నేను ఊరుకోలేను. మొసలిపిల్ల కథ ఎత్తుకున్నాను. అది జమీందారుగారి బావమరిదిని కరిచే ఘట్టం దాకా వచ్చేసరికి సింహాచలం బానెట్ మూసి హారన్ కొట్టాడు.

ఆ అయిదు నిమిషాలూ నేను నోరు మూసుకుని అటు చూసి ఉంటే, ఈ కథ అక్కడే, ఇడ్లీలతోనే అయిపోయేది.

అనంతగిరి దారిలో ఆరిన చల్లదనం

ఆ మలుపుల గురించి ఏం చెప్పను? ఒకచోట కారు ఎంత మెలికతిరిగిందంటే, ముందుపోతున్న మా కారు నంబరు ప్లేటే నాకు కనిపించింది. సింహాచలం మాత్రం ప్రతి మలుపులోనూ పెదవులు కదుపుకుంటూ నిదానంగా ఎక్కించాడు. నిరుడు వర్షాల్లో ఇక్కడే బ్రేకులు పోయాయనీ, కారుని కొండగోడకి రాసుకుంటూ ఆపాడనీ నాయుడుగారే చెప్పారు.

"అప్పుడు నాకేటీ భయమెయ్యనేదు" అని కలిపారు. సింహాచలం రెండుసార్లు మింగాడు.

అనంతగిరికి ఇంకా దూరముండగానే నా మోకాళ్ల మీదికి వచ్చే గాలి పలచబడింది. చేయి పెట్టి చూశాను. మా ఆవిడ విసనకర్ర నయం.

"ఆపు, ఆపు!" అన్నాను. నేను దిగేలోగా సింహాచలం ముందు దిగిపోయి, నాకు వీపు అడ్డంపెట్టి బానెట్ ఎత్తాడు. "కాల్తాది బాబూ, మీ సెయ్యి కాల్తాది. నానెత్తుతాను" అంటూ రేడియేటరు పక్కన ఏదో తడుముకుని, తర్వాత తప్పుకున్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

గొట్టం మధ్యలో గ్యాస్ కనిపించడానికి చిన్న గాజుకన్ను ఉంటుంది. పొద్దున్న అది కడిగినట్టు తేటగా ఉంది. ఇప్పుడు అందులో గోలీసోడా కొట్టినట్టు బుడగలు. గ్యాస్ సగం పోయింది! సబ్బునీళ్లు కలిపి జాయింటు జాయింటుకీ పూశాను. ఇంజన్ వేడికి సబ్బు రాసింది రాసినట్టే ఎండి పొడైపోయింది.

అప్పుడే తలమీద పనసపళ్లతో ఇద్దరు కొండ ఆడవాళ్లు దిగివస్తూ ఆగారు. ఒకావిడ నాయుడుగారిని చూసి, "నువ్వెందుకు ఎండలో నించున్నావు? నీ బండి చచ్చిపోయిందా?" అంది. కొండమీద అందరూ అందరికీ నువ్వే. కలెక్టరైనా నువ్వే, కంచరగాడిదైనా నువ్వే. కింద మావైపు మోసం చేసేవాడిని కూడా మీరు అంటాం. నాయుడుగారికి ఆ నువ్వు గుచ్చుకుంది. ఆవిడ మాత్రం పండు కోసి తొనలు పెట్టింది. రూపాయి ఇస్తే, "పండంతటికా, తొనలకా?" అని అడిగి, తొనలకైతే వద్దని వెళ్లిపోయింది.

"సబ్బు అయిపోనాదా మేస్త్రీ?" అన్నారు నాయుడుగారు, తొన నములుతూ. "బోర్డు ఊడదీసీడానికి మా ఇంట్లో సుత్తుంది."

అరకు గోదాములో

అరకులో నాయుడుగారి గోదాము పక్కగదిలో దిగాం. కాపలా మనిషి సామల అన్నం, వెదురు కొమ్ముల కూర పెట్టాడు. సామల అన్నం నోట్లో ఇసకలా మొదలై, కడుపులో రాయిలా స్థిరపడుతుంది. వెదురు కొమ్ముల కూర మాత్రం మూడుసార్లు వేయించుకున్నాను. మా ఇంటి దగ్గర వెదురంటే నిచ్చెనే. తినొచ్చని ఎవరూ చెప్పలేదు.

అన్నం తిన్నాక కారులో గ్యాస్ మళ్లీ నింపి, గేజీ తగిలించి వదిలేశాను. తెల్లారి చూస్తే ముల్లు వెంట్రుకంత కూడా కదల్లేదు. ఆగి ఉన్న కారులో కారడం లేదు. కింద తిరిగినప్పుడు కారడం లేదు. కొండ ఎక్కేటప్పుడే కారుతోంది. అంటే గొట్టంలో ఎక్కడో పైకి కనిపించని బీట ఉంది. మలుపుల్లో ఏదో దాన్ని లాగి నోరు తెరిపిస్తోంది, తర్వాత అది నోరు మూసేసుకుంటోంది. నడుస్తున్నప్పుడు చూద్దామంటే సబ్బు నిలవదు. మరి చూసేదెలా?

"మజ్జాన్నం దిగిపోతాం" అని చెప్పి నాయుడుగారు కాఫీగింజలు తూయించడానికి కూర్చున్నారు. సగంపూట మిగిలింది నాకు. ఏం చెయ్యాలో తోచక సంతకి నడిచాను.

సంతలో తెల్లనురుగు

సంతలో మనుషుల కంటే పసుపు ఎక్కువుంది. అడ్డాకుల కట్టలు, చింతపండు బుట్టలు, మిరియాలు, చీపుళ్లు. ఉప్పుకి బదులు కందులు, ఉల్లిపాయలకి బదులు తేనె. మా సంతలో బేరం నోటితో ఆడతారు, ఇక్కడ మౌనంగా ఆడతారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉప్పుకుప్ప వైపు చూస్తూ ఉంటారు. ఎవరు ముందు చూపు తిప్పితే వాళ్లు ఓడినట్టు.

ఒక మూల ముసలావిడ కుండలో వెదురు పుల్లతో ఏదో చిలుకుతోంది. ముక్కుకి మూడు వెండి పోగులు. కుండ అంచు దాటి తెల్లటి నురుగు గోపురంలా లేచి నిలబడింది. ఆవిడ పుల్ల అందులో నిలువుగా గుచ్చి చేయి వదిలేసింది. పుల్ల పడలేదు!

"ఏమిటవ్వా ఇది?"

"కుంకుడు. మా కొండ కుంకుడు. మీ కిందది నీళ్లు, ఇది నురుగు. మానిక తీసుకో."

ఆవిడ పేరు బుద్రి. బుధవారం పుట్టిందట. ఏ వారం పుడితే ఆ వారమే పేరు. నేను శనివారం పుట్టానంటే జాలిగా చూసింది.

"ఈ నురుగు ఎంతసేపుంటుంది?"

"నువ్వు కడిగేదాకా."

"వేడి మీద?"

"వేడికి జారిపోద్ది. బంక కలుపు. తపసిచెట్టు బంక, పొడి కొట్టింది, నా దగ్గరే ఉంది. అప్పుడు జారదు, ఎండదు. ఎవరి తలకి? నీ పెళ్లాం తలకా?"

"కారుకి."

బుద్రి చిలకడం ఆపేసింది. పక్కనున్నవాళ్లని వాళ్ల భాషలో పిలిచి ఏదో చెప్పింది. చీపుళ్లవాళ్లు, పసుపువాళ్లు, తేనెవాళ్లు అందరూ లేచి నన్ను చూసి పడీపడీ నవ్వారు. సంత పుట్టిన దగ్గర్నించి అంత నవ్వు నవ్వి ఉండదు.

"కారుకి తలంటతాడట! పద, నాను చూస్తాను" అని బుద్రి కుండ చంకనెత్తుకుని నాతో వచ్చేసింది.

గాలికొండ దారిలో తలంటు

బంకపొడి గోరువెచ్చటి నీళ్లలో ఉబ్బాక, కుంకుడు నురుగులో వేసి బుద్రి చిలికింది. ఎంత చిక్కగా వచ్చిందంటే, అందులో ఈగ వాలితే దాన్ని లాగడానికి తాడు కావాలి. రాగి గొట్టం పొడుగునా, ప్రతి నట్టుకీ అరచేత్తో మెత్తాను.

"సింహాచలం, గాలికొండ వైపు పది మలుపులు తిప్పుకు వద్దాం. ఆగాక బానెట్ నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు" అన్నాను.

సింహాచలం మొహం కుంకుడు నురుగు కంటే తెల్లబడింది. "అలగేనండి. ఒక్కసారి నీళ్లు..." అన్నాడు. నేను బుద్రిని వెనక సీట్లో కూర్చోబెట్టే హడావుడిలో ఉన్నాను. సీటు మెత్తగా ఉందని ఆవిడ కూర్చోనంటోంది, కింద కూర్చుంటానంటోంది. ఈలోగా బానెట్ లేచి మూసుకున్న చప్పుడైంది.

పదో మలుపులో కారు ఆగీఆగకముందే దూకాను. సింహాచలమూ దూకాడు. ఇద్దరం బానెట్ దగ్గర గుద్దుకున్నాం. నా పొట్ట పెద్దది కనక నేనే గెలిచాను.

ఎత్తి చూస్తే ఏముంది? ఎర్రగుడ్డలో మూటకట్టిన కొబ్బరికాయ. రేడియేటరు పక్కనుంచి లోపలికి పోయే సన్నటి రాగి గొట్టానికి, సరిగ్గా నట్టు పక్కన, తాడుతో వేలాడుతోంది. ఇంజన్ అదురుకి ఊగుతోంది. ముసలి సాధువులాగా దానికి నురుగు గడ్డం. అది ఊగినప్పుడల్లా నట్టు వెనక నురుగులో కప్పగుడ్లలాగా బుడగలు, ఒకదాని వెనక ఒకటి!

నేను కాయని చేత్తో ఎత్తిపట్టాను. బుడగలు ఆగిపోయాయి. వదిలాను. మొదలయ్యాయి. ఎత్తాను, ఆగాయి. అలా ఎన్నిసార్లు చేశానో తెలీదు. నా జన్మలో నేను చెప్పిన అబద్ధాలన్నీ కలిపినా ఇంత ఆనందం ఇవ్వలేదు. రోడ్డు మీద గంతేశాను.

సింహాచలం మాత్రం రోడ్డు మీద చతికిలబడ్డాడు.

"నాయుడుబాబు ఇంటికాడ అమ్మగారు కట్టమన్నారు బాబూ. బ్రేకులు పోయిన దినాన మొక్కుకున్నారు. కారు కొండెక్కినప్పుడల్లా ముడుపు ముందుండాలి, ఎవరి కంటా పడకూడదు, దిగినాక అమ్మోరి గుడికాడ కొట్టేయాలి. గొట్టం వీలుగా ఉందని దానికి కట్టినాను. నాయుడుబాబుకి తెలిస్తే ఇక్కడే దింపేత్తారు. నాకు ముగ్గురు గుంటలు బాబూ."

అదన్నమాట. కింద నా కొట్టుకి వచ్చేసరికి కాయ ఉండేది కాదు, బీట నోరు మూసుకునేది. బానెట్ ఎత్తిన ప్రతిసారీ నా మర్యాదస్తుడు వీపు అడ్డంపెట్టి ముడుపు చొక్కాలో దాచేసేవాడు.

బుద్రి కాయనీ గొట్టాన్నీ మార్చిమార్చి చూసింది. "మొక్కుకి ఇంత సన్న కొమ్మ ఇచ్చినావేటి? మేమైతే లావుపాటి కొమ్మకి కడతాం" అంది సింహాచలంతో.

నా పేరు కడిగేసుకోవడానికి కావలసిన సాక్ష్యం నా చేతిలో ఎర్రగుడ్డలో ఉంది. దాన్ని నాయుడుగారి ముందు పెడితే నేను దొరని, సింహాచలం రోడ్డుపాలు. నేను కాయని అతని చేతిలోనే పెట్టాను. "ముందు గొట్టం సంగతి చూద్దాం పద" అన్నాను. అంత గొప్పగా అన్నానే కానీ, లోపల గుండె కొబ్బరికాయలాగే ఊగుతోంది.

ఆచారి కుంపటి

గొట్టం విప్పితే నట్టు వెనక వెంట్రుకవాసి బీట. మామూలు తగరంతో అతికితే ఆ ఒత్తిడికి నిలవదు. వెండి అతుకు కావాలి. అతికే గ్యాస్ దీపం విజయనగరంలో ఉంది, నేను అరకులో ఉన్నాను.

"నా పోగులు అతికే ఆచారి ఉన్నాడు కదా" అంది బుద్రి, ముక్కు చూపించి.

సంత చివర చింతచెట్టు కింద ఆచారిగారు కుంపటి ముందు కూర్చుని ఒక అమ్మాయి కడియం అతుకుతున్నారు. కళ్లజోడు ఒక అద్దానికి పగులు. గొట్టం తిప్పిచూసి, "ఇదేటి, ఏ దేశం నగ?" అన్నారు.

"కారు నగ. అతుకు లోపల గ్యాస్ కొట్టుకుంటుంది ఆచారిగారూ. సూదిమొన అంత సందు ఉన్నా నా బతుకు బజారే."

"ముక్కుపోగు అతికితే ఆడమనిషి తుమ్మినా ఊడకూడదు. పాతికేళ్లై ఎవరిదీ ఊడనేదు. మీ కారు తుమ్ముతాదా?"

బీట మీద వెండి రేకు ఉంగరంలా చుట్టి, వెలిగారం పూసి, వెండి పొడి అద్దారు. ఊదుగొట్టం నోట పెట్టి కుంపటి మంటని సూదిలా సాగదీశారు. బుగ్గలు రెండూ గుమ్మడికాయలు. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో తెలీలేదు. బొగ్గు ఎర్రబడింది, రాగి ఎర్రబడింది, వెండి ఒక్కసారి నీళ్లలా మెరిసి బీటలోకి పాకిపోయింది. ఇరవయ్యేళ్లుగా గ్యాస్ దీపంతో అతుకుతున్నవాణ్ణి, అంత నున్నటి అతుకు నేనెప్పుడూ వెయ్యలేదు. ఇది కోత కాదు.

గొట్టం బిగించి, గోదాములో కరెంటుకి పంపు పెట్టి గొట్టాల్లోంచి గాలంతా లాగేసి, మిగిలిన గ్యాస్ ఎక్కించాను. బుద్రి ఈలోగా అడ్డాకు తీగ నారతో చిన్న ఉట్టి అల్లింది. ముడుపు అందులో పెట్టి, గొట్టానికి దూరంగా, కారు ముందు ఇనుప చట్రానికి కట్టాం. ఆవిడకి కుంకుడు ధర, బంక ధర ఇవ్వబోతే నా గాజుసీసా సబ్బునీళ్లు కావాలంది. ఎందుకంటే, "మనవలు బుడగలు ఊదుతారు" అంది.

దిగువకు

మధ్యాహ్నం బయల్దేరాం. అనంతగిరి దాటాం, చల్లగా ఉంది. మలుపు తర్వాత మలుపు, చల్లగానే ఉంది. నాయుడుగారు చెయ్యి మాటిమాటికీ గాలికి అడ్డం పెడుతున్నారు. కొండ దిగేకొద్దీ బయట ఎండ ముదురుతోంది, లోపల ఆయన కండువా మెడకి చుట్టుకున్నారు.

"నిలిసింది" అన్నారు చివరికి. "సరే. ఎందుకు కారినాదో సెప్పు. కారణం సెప్పకపోతే నువ్వే సూదితో పొడిసి నువ్వే పూడిసావనుకుంటాను."

అదీ చిక్కు. నేను గొంతు సవరించుకున్నాను. "కోతి" అన్నాను. "అనంతగిరిలో కారు ఆగినప్పుడల్లా ఒక కోతి బానెట్ కింద దూరి..." అద్భుతమైన కోతి అది. దానికి ఒక చెవి లేదు. రాగి గొట్టాన్ని సన్నాయి అనుకుని కొరికేది. సింహాచలం స్టీరింగు పట్టుకుని నావైపు ఒక్కసారి చూశాడు. నాయుడుగారు నవ్వలేదు.

"కోతి ఎత్తిన బానెట్ మళ్లీ మూసిందా?" అన్నారు.

నేను రెండో కోతిని పుట్టించేలోగా కారు ఆగింది. ఘాటీ మొదట్లో గుడి. సింహాచలం దిగాడు, బానెట్ బార్లా ఎత్తాడు, ఎర్రమూట తీసుకొచ్చి నాయుడుగారి వైపు తలుపు తెరిచాడు. రెండుసార్లు మింగలేదు.

"కోతి నేదు బాబూ. ఇది కట్టినాను, గొట్టానికి. మేస్త్రీగారు నా కొలువు కోసం అబద్ధమాడతన్నారు. ఆయన దొంగ కాదు."

"ఎవరు కట్టమన్నారు?"

సింహాచలం మూటని ఆయనకి ఇంకా దగ్గరగా పట్టాడు.

నాయుడుగారు ఆ గుడ్డ అంచు వేళ్లతో తడిమారు. ఆ ఎర్రగుడ్డ ఎవరి పాత చీర చెంగో ఆయనకి తెలిసినట్టుంది. పెద్ద గొంతు ఎక్కడో పోయింది.

"ఆ దినాన బ్రేకులు పోతే నాను కళ్లు మూసీసుకున్నాను" అన్నారు. "నువ్వు మూసుకోనేదు. ఎల్లు, కొట్టు. బేగి కొట్టు, తలుపు తీసుంటే సల్లదనం పోతాది."

కొబ్బరి ముక్క నాకూ ఒకటి వచ్చింది. ఆయన కూడా తిన్నారు. దేవుడి కోసం కాదు, ఆకలేసి అన్నారు. నేను నమ్మినట్టు తల ఊపాను. మిగతా దారంతా బుద్రి నురుగు సంగతీ, ముక్కుపోగుల ఆచారి అతుకు సంగతీ ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పాను.

మళ్లీ నా వీధిలో

విజయనగరం చేరేసరికి ఎండ ఇంకా మండుతోంది. కారు టీ హోటలు ముందు ఆగింది. హోటలాయన, టైలరు, కాంపౌండరు, పోస్టుమాస్టరు నలుగురూ అక్కడే ఉన్నారు. పందెం ఎవరు గెలిచారో చూడ్డానికి లేచి నిలబడ్డారు. నేను దిగి, నోటికొచ్చిన మొదటి వాక్యం సిద్ధం చేసుకున్నాను.

"నువ్వాగు మేస్త్రీ" అన్నారు నాయుడుగారు. నలుగురి వైపు తిరిగి, "రండి, ఎక్కండి, నలుగురూ ఎక్కండి. బేగి" అన్నారు.

ముగ్గురు వెనక ఇరుక్కున్నారు. పోస్టుమాస్టరుగారు ముందు సీట్లో, నాయుడుగారికీ సింహాచలానికీ మధ్య సర్దుకున్నారు. తలుపులు మూశారు, అద్దాలన్నీ ఎక్కించారు. నాకు చోటు లేదు. నేను ఆ ఎండలో, చొక్కా వీపుకి అంటుకుపోయి, కొట్టు ముందు నిలబడ్డాను.

లోపల నాయుడుగారు వెనక్కి తిరిగి ఏదో చెబుతున్నారు. చెయ్యి ఊపుతున్నారు, ముక్కు పట్టుకుని చూపిస్తున్నారు, ఏదో ఊగుతున్నట్టు వేలు ఆడిస్తున్నారు. ఇంతటి పెద్ద గొంతు మనిషి మాట ఒక్కటీ నాకు వినిపించలేదు. కాంపౌండరు మాత్రం చలికి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. అద్దం దించమని అడగడానికి ప్రాణం ఒప్పలేదు. దించితే చల్లదనం పోతుంది.

నాయుడుగారు చెప్పడం ఆపారు. అద్దాల వెనక నలుగురి తలలూ ఒక్కసారిగా నావైపు తిరిగాయి.